ఎండయు మిద్దెయు



వైశాఖమాసము ప్రవేశించినదనిన మన సీమలో ప్రతియింటను వినవచ్చు మాట యొకటి కలదు: "ఈ యేటి యెండలు నిరుటివంటివి కావు." ఎండలు హెచ్చిన మాట నిజమే. అయితే ఎండలతోపాటు వాని క్రిందనున్న మన యిండ్లును మారినవి. ఎండను మార్చుట మనచేతిలోని పని కాదు. ఇల్లు మనము కట్టుకొనునదే. కావున నేడు ఎండనుగూర్చి గాక, మన నెత్తిమీది మిద్దెనుగూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిని.

నేను ఇంజనీరును కాను. ధర్మవరమున పట్టుచీరలు నేయువారి యింట పుట్టి, ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి జీవించినవాడను. వేడి యొక వస్తువునుండి మరియొక వస్తువునకు ఎట్లు ప్రవహించునో ఏటేట పిల్లలకు నల్లబల్లమీద వ్రాసి చూపితిని. ఆ పాఠమును నా యింటి విషయమున మాత్రము మరచితిని. ఆ మరపునకు వెల చెల్లించినవారు మా నాయన. అందుచేత ఈ ప్రసంగమును పండితుని యుపదేశముగా గాక, తప్పు చేసి తెలిసికొన్నవాని మాటగా వినవలెనని నా ప్రార్థన.

మా పాతయిల్లు మట్టిమిద్దె. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములవారికి దానిని వర్ణింప బనిలేదు. తక్కిన శ్రోతలకొరకు చెప్పెదను. రాతితోను మట్టితోను రెండడుగుల మందమున గోడలు లేపుదురు. గోడలపైన దూలములు, దూలములపైన దంతెలు, దంతెలపైన సన్నని కట్టెలును పుల్లలును దగ్గరదగ్గరగా పేర్చి, వానిమీద ఆకో గడ్డియో పరచి, తడిమన్ను మెత్తుదురు. అన్నిటికిని పైన చవుడు పోసి త్రొక్కి చదును చేయుదురు. ఇట్లు పైకప్పు జానెడుకు మించిన మందమగును. నడిమిద్దెలో వెలుతురునకును గాలికిని ఒక గవాక్షి యుండును. వాన వచ్చినపుడు దానిమీద బండ కప్పుదురు.

ఈ చవుడుయొక్క సంగతి విచిత్రమైనది. చవుడుపట్టిన పొలములో పైరు పెరుగదు, నీరు ఇంకదు. ఆ మన్నులో సోడియపు లవణము లధికముగా నుండుటచే, తడిసినంతనే బంకరేణువులు విడిపోయి సందులను పూడ్చివేయును. నీరు పైననే నిలిచిపోవును. పొలమునకు శాపమైన యీ గుణమే మిద్దెకు వరమైనది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురపు సీమలో, ఏటేట తొలకరికి ముందు నాలుగు బండ్ల చవుడు తోలించుకొన్న చాలును, మిద్దె కారదు. కొనవలసిన సామాను లేదు. పొరుగూరినుండి రావలసిన పనివాడును లేడు.

ఇంతమాత్రముచే పాతది యంతయు మంచిదని నేను చెప్పబోవుటలేదు. చెదలు దూలములను లోలోపల తినివేయును. చవుడు తోలువారు కరవైనచో ఒక్కయేడు విడిచిన మిద్దె మరుసటియేడు కారును. కారిన నీరు దూలపు కొనను కుళ్లజేయును. ముసురుపట్టిన దినములలో పాతమిద్దెలు కూలి, నిద్రించుచున్నవారు నిద్రలోనే గతించిన వార్తలను మనమందరము వినియున్నాము. 2007వ సంవత్సరపు వానలలో మా యింట వెనుకటి గది మిద్దె ఒక రాత్రి కూలినది. ఆ గదిలో గింజల మూటలు తప్ప మనుష్యులు లేకుండుట మా యదృష్టము. మరుసటి యేడు నేను అప్పుచేసి, మిద్దెను పూర్తిగా విప్పించి, అయిదంగుళముల సిమెంటు మిద్దె పోయించితిని. ఇక వానకు భయము లేదని అందరమును సంతసించితిమి.

వైశాఖము వచ్చినది. మా నాయన నేయునది గుంతమగ్గము. నేతగాడు గుంతలో కాళ్లుంచి, నేలకు సమీపముగా కూర్చుండి నేయును. నేలలోని చల్లదనము, చెమ్మ పడుగుదారమునకు తగులుచుండును. పట్టుదారము గాలిలోని చెమ్మను గ్రహించియుండునంతవరకు మెత్తగా సాగును; గాలి మిక్కిలి యెండినచో బిరుసెక్కి పుటుక్కున తెగును. పాతయింటిలో గుంతలో నాలుగు చెంబుల నీళ్లు చల్లిన సాయంకాలమువరకు పని సాగెడిది. క్రొత్తయింటిలో మధ్యాహ్నము రెండు దాటునప్పటికి పోగులు వరుసగా తెగసాగినవి. తెగిన పోగును వెదకి ముడివేయుటతోనే ప్రొద్దు గడచెడిది. విధిలేక మా నాయన తెల్లవారుజామున మూడు గంటలకే దీపము వేసికొని మగ్గములో దిగి, పదునొకండు గంటలకు లేచిపోవుట కలవాటుపడిరి. పగటినిద్ర లేదు, ఆ యింటిలో రాత్రినిద్రయు లేదు. ఒకనాడు నన్ను పిలిచి యిట్లనిరి: "ఒరే అబ్బయ్యా, ఆ మిద్దె కూల్తాదని భయపడితిమి, సరే. ఈ మిద్దె కింద దినామూ కాల్తాండామే!"

ఆ మాట నాకు తగులవలసినచోట తగిలినది. ఆ మధ్యాహ్నము ఎత్తుపీట యెక్కి మిద్దె యడుగున అరచేయి ఆనించి చూచితిని. పండ్రెండు గంటలకు గోరువెచ్చగానే యున్నది. అయిదు గంటలకు చేయి నిలుపుట కష్టమాయెను. ఆశ్చర్యమేమనగా, ఎండ పోయి, వీధిలో చల్లగాలి తిరుగుచున్న రాత్రి తొమ్మిదిగంటలకును ఆ మిద్దె వేడిగానే యుండెను. ప్రక్కవీధిలో మా మేనమామగారి మట్టిమిద్దె యడుగున, అదేదినమున, సాయంకాలము అయిదుగంటలకు చేయి యుంచితిని. మధ్యాహ్నమునకును సాయంకాలమునకును భేదమే తెలియలేదు.

ఇందులోని కిటుకు ఒక్క మాటలో చెప్పవచ్చును. ఇల్లు ఎండను ఆపదు; వాయిదా వేయును. అప్పులవాని కెంత వాయిదా చెప్పగలమన్నదే మన నేర్పు.

లెక్క చూడుడు. వేసవి మధ్యాహ్నమున చదరపు మీటరు నేలమీద పడు ఎండలో సుమారు ఒక కిలోవాట్టు శక్తి కలదు. పదియడుగుల వెడల్పు, పదమూడడుగుల పొడవు గల గది మిద్దె సుమారు 12 చదరపు మీటర్లు. అనగా వేయి వాట్ల యిస్త్రీపెట్టెలు పండ్రెండింటిని వేడిచేసి మిద్దెమీద బోర్లించినట్లు. ఆ వేడిలో కొంత గాలిలో పోవును, కొంత ఆకాశమునకు మరలును, మిగిలినది మెల్లగా క్రిందికి దిగును. దిగుటకు పట్టు కాలము కప్పుయొక్క మందమునుబట్టియు, పదార్థమునుబట్టియు ఉండును. నాలుగైదంగుళముల సిమెంటు మిద్దెలో అది సుమారు మూడునాలుగు గంటలు. పదియంగుళముల మట్టిలో తొమ్మిదిపది గంటలు. మధ్యాహ్నము ఒంటిగంట వేడి సిమెంటు మిద్దెలో సాయంకాలము నాలుగైదు గంటలకు మన నెత్తిమీదికి వచ్చి, ప్రొద్దుపోవువరకు వదలదు. మట్టిమిద్దెలో అది రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట వచ్చును. వచ్చునప్పటికి దాని తీవ్రతయు చాల తగ్గియుండును. ఆ వేళకు ఇంటివారెక్కడనున్నారు? చాపలు, దిండ్లు తీసికొని మిద్దెమీదనో, వీధితిన్నెమీదనో పరుండియున్నారు. మబ్బులేని మన పొడి యాకాశము రాత్రివేళ మిద్దెలోని వేడిని పైకి లాగివేయును. తెల్లవారునప్పటికి మిద్దె మరల చల్లబడి, మరునాటి యెండకు సిద్ధమగును.

కనుక మన పెద్దలది కేవలము ఇల్లు కాదు. ఇల్లును, ఇంటివారి దినచర్యయు కలిసిన యేర్పాటు. మనమిప్పుడు మిద్దెమీద పరుండుట మానితిమి. దొంగల భయమో, దోమల బాధయో, పైన మరియొక అంతస్తు లేచుటయో కారణము. వేడి లోనికి దిగు గంటకు సరిగా మనమును లోపల తలుపులు వేసికొని పరుండుచున్నాము.

ఇది తెలిసిన పిమ్మట నాకు ప్రయాణములలో కట్టడములను పరిశీలించు అలవాటైనది. హిందూపురమునుండి రైలులో పెనుకొండమీదుగా ధర్మవరము చేరుటకు ఎక్కువ ప్రొద్దు పట్టదు. కాని హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 620 మీటర్ల యెత్తున నున్నది. ధర్మవరము 345 మీటర్ల యెత్తున మాత్రమే. ఎత్తు కిలోమీటరు తగ్గిన సుమారు ఆరు డిగ్రీల వేడి హెచ్చును గనుక, ఈ కొద్దిదూరములోనే దాదాపు రెండు డిగ్రీల భేదము కలదు. హిందూపురమున సరిపోయిన యిల్లు ధర్మవరమున సరిపోవునని తలచుట పొరపాటు.

హిందూపురమునకు సమీపముననున్న లేపాక్షికి మీలో పెక్కుమంది పోయియుందురు. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయమది. వేసవి మిట్టమధ్యాహ్నమున ఆ ప్రాకారపు బండలమీద చెప్పులు లేక నడువజాలము. పరుగెత్తి నాట్యమండపములో దూరుదుము. అక్కడ కాలిక్రిందిబండ హాయిగా నుండును. రెండుచోట్లను రాయి యొక్కటే. ఒకటి ఎండను త్రాగుచున్నది. రెండవది నీడలో దళసరియైన కప్పు క్రింద నున్నది. కాబట్టి "రాతియిల్లు చల్లన" అను మాటలో సగమే నిజము. ఆ వైపు ఊళ్లలో గ్రానైటు బండలనే మిద్దెగా పరచిన యిండ్లున్నవి. రాతిలో వేడి మట్టిలోకంటె మూడురెట్లు, అంతకు మించియు వేగముగా ప్రసరించును. రెండుమూడంగుళముల బండ ఒక్కటే యున్నచో అది పెనమువలె కాగును. అందుకే తెలిసినవారు బండలమీద మన్నును సున్నపుగచ్చును వేయించిరి.

పెనుకొండలో గగనమహలు చూడుడు. 1565లో తళ్లికోట యుద్ధము ముగిసి విజయనగరము పాడైన తరువాత ఆరవీటి రాజులకు పెనుకొండ రాజధాని యాయెను. అంతకుముందును రాయలకు వేసవి విడిది. ఆ మహలులో గోడల మందము, లోతైన కమానులు, ఒక గదికి మరియొక గది నీడ యగుట గమనింపదగినవి. రాజుగారి మేడకును పేదవాని మట్టిమిద్దెకును సూత్ర మొక్కటే: బరువుగా కట్టుము, ఎండ నేరుగా తగులనీకుము, రాత్రిగాలిని లోనికి రానిమ్ము.

ఇది మన సీమకు మాత్రమే పరిమితమైన విద్య కాదు. ఈజిప్టు దేశమున హసన్ ఫాతీ యను వాస్తుశిల్పి పచ్చియిటుకలతో పల్లెలను కట్టించి కీర్తిగాంచెను. 1964లో కైరో నగరమున రెండు చిన్న గదులను కట్టి పరీక్షించిరి. ఒకదానికి అరమీటరు మందపు పచ్చియిటుక గోడలు, కప్పు. రెండవదానికి పది సెంటీమీటర్ల కాంక్రీటు పలకలు. ఇరువదినాలుగు గంటలలో మట్టిగదిలోపలి వేడి రెండు డిగ్రీలకు మించి మారలేదు. కాంక్రీటుగదిలో అది 36 డిగ్రీల కెక్కినది. బయటి గాలికంటెను తొమ్మిది డిగ్రీలు హెచ్చు! మా నాయన "కాల్తాండామే" యన్న మాటకు ఇంతకంటె సాక్ష్యము నాకు వలదు.

ఇక ఏమి చేయవలెను? సిమెంటు మిద్దెలను పగులగొట్టి మరల చవుడు తోలుడని నేను చెప్పను. దూలములకు కలప లేదు, పనివారు లేరు, వానభయము ఉండనే యున్నది. మట్టిమిద్దెలోని గుణమును సిమెంటు మిద్దెకు తెచ్చుటయే మన పని. నేను చేసినవి, చేయదగినవి వరుసగా చెప్పెదను.

మొదటిది సున్నము. ఫాల్గుణమాసములోనే మిద్దెను కడిగి, చిక్కని సున్నము రెండుమూడు పూతలు వేయవలెను. పాతబడిన సిమెంటు తనమీద పడిన యెండలో అధికభాగమును పీల్చుకొనును. క్రొత్తసున్నము ముప్పాతిక భాగమును వెనుకకు త్రిప్పికొట్టును. అన్నిటిలోను చౌకయైన యుపాయ మిదియే. తెలంగాణ ప్రభుత్వము 2023లో చలువ పైకప్పుల విధానము నొకదానిని ప్రకటించినది. దానికిని మూలమీ తెల్లదనమే. దుమ్ము పడినకొలది గుణము తగ్గును గావున ఏటేట వేయవలెను. చవుడు తోలినట్లే యనుకొనుడు.

రెండవది పైపొర. మిద్దెమీద మట్టికుండలు బోర్లించి, సందులలో ఇటుకజల్లియు సున్నమును నింపి, పైన తెల్లపలకలు పరచుట కలదు. కుండలోని నిలిచిన గాలి వేడిని సులభముగా పోనీయదు. ఈ దుప్పటి మిద్దెకు పైననే యుండవలెనుగాని క్రింద గాదు. పైననున్నచో మిద్దె బరువంతయు లోపలి చల్లదనమును దాచుకొనును. అయితే ముందుగా మిద్దె ఆ బరువును మోయగలదో లేదో తెలిసిన ఇంజనీరును అడుగుట మరువరాదు.

మూడవది నీడ. తాటాకు పందిరియైనను, తీగె పందిరియైనను మిద్దెకు మూడడుగుల యెత్తున వేసినచో ఎండ పందిరితో ఆగును. నడుమగాలి వేడిని తీసికొనిపోవును. నేటి సూర్యవిద్యుత్పలకలును ఇట్టి పందిరియే. 2024లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సూర్యఘర్ పథకమున మూడు కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయలవరకు సహాయము కలదు. విద్యుత్తుతోపాటు నీడయు లభించుట దాని లాభము.

నాల్గవది దిక్కు. పెనుకొండ సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. ఏప్రిలు నెలాఖరున ఒకమారు, ఆగస్టు నడుమ ఒకమారు సూర్యుడు మిట్టమధ్యాహ్నమున మన నడినెత్తిన నిలుచును. ఆ రెంటి నడుమ మధ్యాహ్నసూర్యుడు మనకు కొంచెము ఉత్తరముననే యుండును! కావున వేసవిలో దక్షిణపుగోడకు ఎండబాధ స్వల్పము. బాధించునవి తూర్పు పడమరలు, అందును పడమర. పడమటి గోడకు పెద్ద కిటికీలు పెట్టక, వసారా దింపుట, సామానుగది కట్టుట, వేపనో కానుగనో నాటుట మంచిది. మన పాతవీధులలో ఇండ్లు జోడుగోడలతో ఆనుకొనియుండుటచే ప్రక్కగోడలకు ఎండయే లేకుండెను.

అయిదవది గాలి. ఉదయము ఎండ హెచ్చినంతనే కిటికీలు మూసి, ప్రొద్దుక్రుంకిన పిమ్మట తెరచి, తెల్లవారువరకు అట్లే యుంచవలెను. మిద్దెకు దగ్గరగా గోడలో చిన్న రంధ్రములైన నుండవలెను. వేడిగాలి పైకి పోవును గనుక పాత గవాక్షి చేసిన పని అవి చేయును. గాలి మిక్కిలి పొడిగానుండు ఏప్రిలు, మే నెలలలో వట్టివేళ్ల తడికలు తడిపి కట్టిన గది చల్లబడును. ఒక లీటరు నీరు ఆవిరియగునపుడు రెండువంతుల యూనిటు విద్యుత్తునకు సమానమైన వేడిని, అనగా యూనిటులో మూడింట రెండువంతులను, పీల్చుకొనును. నీటికి కరవైన ఊళ్లలో మిద్దెమీద బిందెలకొలది నీళ్లు పోయుటకంటె ఈ తడికయే పొదుపు.

విద్యుత్తునుగూర్చి ఒక మాట. పంకా గదిని చల్లబరుపదు. మన చెమటను ఆర్చును, అంతే. పాతరకపు పంకాకు సుమారు 75 వాట్లు కావలెను. క్రొత్తరకపు పొదుపు పంకాలకు 30 చాలును. చల్లదనపు యంత్రమును కొనగలవారు కొనవచ్చునుగాని, ముందు మిద్దెను సరిచేసి పిమ్మట కొనుడు. చిల్లికుండలో నీరు పోసి, నీరు చాలలేదనుటలో న్యాయము లేదు. నివాసగృహములకొరకు 2018లో వెలువడిన ఎకో నివాస్ సంహిత యను కేంద్ర నియమావళి పైకప్పునకును ఒక హద్దు పెట్టినది. చదరపు మీటరునకు, లోపలి బయటి వేడిలో డిగ్రీ భేదమునకు, 1.2 వాట్లకు మించి వేడి మిద్దెగుండ దిగరాదని అందున్నది. ఏ పొరయు లేని సిమెంటు మిద్దెలో దిగునది దానికి రెట్టింపునకు పైమాటే.

నేను సున్నము వేయించి, పందిరి కట్టించి, గోడలలో రంధ్రములు తీయించునప్పటికి నాలుగు వేసవులు గడచినవి. అంతవరకు మా నాయన మూడుగంటల దీపపు వెలుతురుననే నేసిరి. తరువాతి వేసవిలో మధ్యాహ్నము నాలుగుగంటలకు నేను బడినుండి వచ్చునప్పటికి మగ్గము చప్పుడు వినవచ్చెను. గడపదగ్గర కొంతసేపు నిలుచుంటిని. నన్ను చూచి ఆయన, "ఆ పాతమిద్దె సాటి రాదు గానీ, మనిషి ఉండొచ్చు లేరా," అనిరి. నేను చదివిన శాస్త్రమునకు నాకు లభించిన యోగ్యతాపత్ర మదియొక్కటే.

ఇల్లు కట్టబోవు శ్రోతలారా! మేస్త్రీని "ఎన్ని దినములలో ముగించెదవు, ఎంత యగును" అని యడుగుట మన యాచారము. అడుగుడు. దానితోపాటు ఇంకొక ప్రశ్నయు వేయుడు: "మిట్టమధ్యాహ్నపు టెండ నా మంచముమీదికి ఏ గంటకు దిగును?" అతడు జవాబు చెప్పలేకపోయినచో, కాగితముమీద మిద్దె గీతను మరల గీయించుడు. మిద్దె పోసినతరువాత చేయు మార్పులకు ఖర్చెక్కువ. ఆ ఖర్చును డబ్బుతోనే చెల్లింపము.

సెలవు.